ముందు పంచ గీయండి, ఆ తర్వాతే హాలు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లానూ, ఫోన్లో పెట్టిన ఫోటోలూ మీ పెద్దమ్మా నేనూ కూర్చుని చూశాం. తూర్పు ముఖం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. అంటే మన తిరుపతి, చిత్తూరు లెక్కలో 50 అంకణాలు. (మనకు అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు వాళ్లకు 72. కొలతలు మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకో.) మీ ఇద్దరి కష్టార్జితంతో కొన్న స్థలం. అందులో మీరు హాయిగా బతకాలన్నదే నా ఆరాటం. ఓవర్సీరుగా పనిచేసినప్పుడూ, రిటైరయ్యాక చుట్టాల ఇళ్లు దగ్గరుండి కట్టించినప్పుడూ చూసినదాన్ని బట్టి చెప్తున్నాను, కాస్త ఓపికగా చదువు.

మీ ప్లానులో పంచ, అంటే ఇంటి ముందు వరండా, లేదు. గేటు తీస్తే కారు, కారు దాటితే తలుపు, తలుపు తీస్తే 24 అడుగుల హాలు. వీధికీ ఇంటికీ మధ్య ఒక మనిషి నింపాదిగా కూర్చునే చోటు ఎక్కడా కనపడలేదు. మన ఊరి ఎండకు, మన ఇళ్లకు వచ్చిపోయే జనానికి ఆ మధ్య చోటే ప్రాణం. హాలు కొంచెం తగ్గినా ఎవరికీ లోటు తెలియదు. పంచ లేకపోతే మాత్రం రోజూ తెలుస్తుంది. ముందు వైపు కారుకు దక్షిణం పక్క పది అడుగులు వదిలేస్తే, పక్క సందులు పోనూ ఉత్తరం వైపు 14 అడుగుల పొడవు దొరుకుతుంది. హాలులోంచి ఎనిమిది అడుగులు తీసి ఆ పొడవునా పంచ వేయించండి. ఆరడుగులకు తగ్గితే అది పంచ కాదు, చెప్పులు విడిచే చోటు మాత్రమే. కుర్చీ వేసి కాళ్లు చాపితే నాలుగు అడుగులు పోతుంది. మిగతా నాలుగు అడుగుల్లో ఇంకో మనిషి నడవాలి కదా.

ఆ పంచకు ఒక పక్కన తిన్నె కట్టించండి. ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు రెండున్నర అడుగులు. మధ్యాహ్నం ఒక మనిషి నడుం వాల్చేంత చోటు. పైన కడప బండ వేయించి అంచు గుండ్రంగా కొట్టించండి, లేకపోతే తొడలకు ఒత్తుకుంటుంది. ఎత్తు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు కొండకు వచ్చే చుట్టాలు తప్పరు, తప్పకూడదు కూడా. అర్ధరాత్రి రైలు దిగి వస్తారు. తెల్లవారుజామున అలిపిరి నడకదారి పడతారు. 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని తిరిగొచ్చిన మోకాళ్లు పల్లపు సోఫాలోంచి లేవలేవు. తిన్నె మీద కూర్చుంటే చేత్తో అంచు పట్టుకుని లేస్తారు. పంచలో ఒక ఫ్యాను కొక్కెం, రెండు ఫోన్ చార్జింగు పాయింట్లు, గేటు దగ్గర కాళ్లు కడుక్కోవడానికి ఒక కొళాయి పెట్టించండి. ఇవన్నీ స్లాబు వేయకముందే చెప్పాలి. తర్వాత గోడలు తవ్వితే ఖర్చు, అసహ్యం.

అలాగే గెస్టు బాత్రూముకు బయటి సందులోంచి కూడా ఒక తలుపు ఉండాలి. తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లు, తడిబట్టలతో ఉన్నవాళ్లు, వేకువ రెండింటికే స్నానం చేయాల్సినవాళ్లు మీ పడకగది పక్కనుంచి నడిచి వెళ్లకుండా ఉంటారు. మీ నిద్రా చెడదు, వాళ్లకూ మొహమాటం ఉండదు.

ఎనిమిది అడుగుల పంచ వేస్తే హాలులో వెలుతురు తగ్గుతుందని మీ ఆర్కిటెక్టు అంటాడు. నిజమే, తగ్గుతుంది. దానికి విరుగుడు ఉత్తరం గోడలో వెడల్పాటి కిటికీ, ఎత్తులో వెంటిలేటర్లు. పాత ఇళ్లలో కిటికీల పైన చిన్న వెంటిలేటర్లు ఉండేవి, చూశావా? పైకి చేరిన వేడిగాలి వాటిలోంచి వెళ్లిపోయేది. ఏసీలు వచ్చాక వాటిని మూసేశారు. ఏసీ పెట్టుకున్నా అవి ఉండనీయండి, కరెంటు పోయిన రాత్రి విలువ తెలుస్తుంది. ఉత్తరం కిటికీ గట్టు 18 అంగుళాల ఎత్తులోనే ఉంచి, లోపలివైపు కూర్చోడానికి పలక వేయిస్తే హాలులో పిల్లలకు అదే ఇష్టమైన చోటవుతుంది.

ఇక ఎండ సంగతి. నువ్వు పంపిన ఫోటోల్లో సగం ఇళ్లకు నేల నుంచి కప్పు దాకా గాజు తలుపులున్నాయి. చలిదేశాల్లో ఎండ కోసం మొహం వాచి ఉంటారు కాబట్టి వాళ్లకు అది సుఖం. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో పడమటి గోడకు అంత గాజు పెడితే సాయంత్రానికి ఆ గదిలో కాలు పెట్టలేరు. ఇంకో విషయం చాలామంది మేస్త్రీలు పట్టించుకోరు. మనం 13 డిగ్రీల పైచిలుకు అక్షాంశంలో ఉన్నాం. ఏప్రిల్ ఆఖరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, సాయంత్రం వాయవ్యం వైపు వాలతాడు. అందుకే ఉత్తరం కిటికీకి ఎండ రాదులే అని సజ్జా (కిటికీ పైన ముందుకు వచ్చే పలక) మానేయొద్దు. చలికాలంలో ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా లోపలికి వస్తుంది. డిసెంబరు పొద్దున అది హాయి కూడా. దక్షిణం కిటికీలకు రెండడుగుల సజ్జా సరిపోతుంది. పడమర మాత్రం సజ్జాతో ఆగదు. సాయంత్రపు ఎండ అడ్డంగా వస్తుంది. పడమటి గోడకు మెట్లు, స్టోరు, బాత్రూములు ఇచ్చేస్తే ఆ వేడి వాటితోనే సరి. నైరుతిలో బరువు ఉండాలనే వాస్తు మాట కూడా అక్కడ కుదురుతుంది. మీ అత్తగారు సంతోషిస్తారు.

మిద్దె మీద ఎండ ఇంకా పెద్ద సంగతి. కాంక్రీటు స్లాబు పగలంతా వేడి పీల్చి, మీరు పడుకున్నాక కిందికి వదులుతుంది. తెల్లటి కూల్ రూఫ్ టైల్స్ గానీ, కనీసం వేసవికి ముందు తెల్లసున్నం పూత గానీ వేయించండి. తేడా ఆ రాత్రే తెలుస్తుంది. మిద్దె తోట పెట్టాలని ఉందన్నావు. పెట్టు, కానీ ముందు వాటర్ ప్రూఫింగు, వాలు, నీళ్లు పోయే గొట్టాలు సరిచూసుకుని, ఆ తర్వాత కుండీలు. కుండీలు పలమనేరు మట్టివే కొను. మట్టి గోడలోంచి తేమ ఆరుతుంది కాబట్టి ప్లాస్టిక్ తొట్లకన్నా వేళ్లు చల్లగా ఉంటాయి. కుండీ కింద ఇటుక ముక్కలు పెడితే నీళ్లు నిలవవు. మిద్దె సగం ఖాళీగా ఉంచు. వడియాలు పెట్టుకోవడానికి, మామిడికాయ ముక్కలు ఆరబెట్టుకోవడానికి, వేసవి రాత్రుల్లో చాపలు పరుచుకోవడానికి మీ పెద్దమ్మ ప్రత్యేకంగా చెప్పమంది.

ఇంటి మధ్యలో తొట్టి, అంటే పైకప్పు లేని చోటు, పెట్టాలన్న మీ కోరిక నాకు బాగా నచ్చింది. మన చిత్తూరు పల్లెల్లో తొట్టి ఇళ్లలో పుట్టినవాళ్లం. ఆకాశం కనపడే ఆ చోటు మీద ప్రేమ పోదు. కానీ 50 అంకణాల్లో నడిమధ్యన పెద్ద తొట్టి పెడితే చుట్టూ గదులు ఇరుకవుతాయి. మెట్ల పక్కన ఐదడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు చోటు ఇస్తే చాలు. పైన గాజు పరచొద్దు, పాలికార్బనేటు షీటూ వద్దు. అది వేస్తే వేడిగాలి పైకి పోవడానికి దారి ఉండదు, ఇల్లు ఇడ్లీ పాత్రలా ఉడుకుతుంది. ఇనప గ్రిల్లు, దాని మీద దోమల జాలీ వేసి, నేల నాలుగు అంగుళాలు పల్లంగా ఉంచి, రెండు చోట్ల నీళ్లు పోయే దారి పెట్టించండి. వాన పడితే పడనీ, అందుకే కదా తొట్టి. చంద్రగిరి కోటలో రాజమహల్ మీకు దగ్గరే. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం వెళ్లి అక్కడి కమానుల నీడలో పావుగంట నిలబడండి. రాయి, ఇటుక, సున్నంతో, కలప వాడకుండా కట్టిన కట్టడం. మందపాటి గోడలు, లోతైన నీడ, గాలికి దారి ఏం చేస్తాయో ఒళ్లే చెప్తుంది.

వాన గురించి గట్టిగా చెప్పాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యం నుంచి జల్లు కొడుతూ వస్తాయి. మీది తూర్పు ముఖం కాబట్టి పంచ కప్పు గోడకన్నా ఇంకో రెండడుగులు ముందుకు రావాలి, పంచ నేల హాలు కంటే రెండంగుళాలు పల్లంగా బయటికి వాలి ఉండాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మరిచిపోవద్దు. ఆ వానల్లో ఒక ఇంట్లో నేలలో దింపిన సిమెంటు రింగుల నీళ్ల సంపు అమాంతం పైకి లేచింది. చుట్టూ నేల నీళ్లతో నిండి ఉండగా సంపు ఖాళీ అయితే కింది నీళ్ల ఒత్తిడి దాన్ని పడవలా పైకి తోస్తుంది. కాబట్టి వానల రోజుల్లో సంపు పూర్తిగా తోడేసి కడగొద్దు. ఈ పని వేసవిలో పెట్టుకోండి. పునాది గట్టు రోడ్డుకన్నా మూడడుగులు ఎత్తుగా కట్టించండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పైకి లేస్తుంది, ఇల్లు లేవదు. ఎత్తు పెరిగిందని మెట్లు నిటారుగా పెట్టొద్దు, మెట్టుకు ఆరంగుళాలు ఎత్తు, అడుగు వెడల్పు. పక్కన పట్టుకోడానికి రెయిలింగు.

ముందు వాకిలి మొత్తం టైల్స్ పరచాలన్న ఆలోచన మానుకో. పాలిష్ గ్రానైటు వానకు జారుతుంది, నల్ల బండ మధ్యాహ్నం కాలుతుంది. గరుకు బండలు వేసి మధ్యలో వేలెడు సందు వదిలి గడ్డి పెంచు, వాన నీరు నేలలోకే ఇంకుతుంది. గేటు దగ్గర ఆరడుగుల చదరం మాత్రం మట్టిగానో గరుకు సిమెంటుగానో వదిలేయ్. ధనుర్మాసంలో ముగ్గు వేయడానికి మెరిసే టైలు పనికిరాదు, పిండి నిలవదు.

చెట్లు. వాయవ్యం మూల గోడకు వీలైనంత దూరంగా ఒక కానుగ. అంతే, ఒక్కటే. వేప పెద్దదవుతుంది, మామిడి ఇంకా పెద్దది, ఈ స్థలానికి సరిపోవు. రావి మొలక గోడ పగుల్లో కనపడిన రోజే పీకేయాలి. మునగ కొమ్మలు పెళుసు, గొంగళిపురుగులు వస్తాయి, కాబట్టి కూర్చునే చోటికి దగ్గర్లో వద్దు. పంచ పక్కన నిమ్మ, కరివేపాకు, పారిజాతం చాలు. కారు మీద పందిరికి రాధామనోహరాలు పాకించు, సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి, ఆ తర్వాత ఎర్రబడతాయి, వాసన వీధంతా వస్తుంది. జామ మీద మనసున్నా ముందు పక్కవాళ్లను కోతుల సంగతి అడుగు. కొండవారన ఉండే వీధుల్లో పండే చెట్టు పెడితే పండు మనకు దక్కదు, ఆరేసిన బట్టలు కూడా మిగలవు.

వంటింటి వెనక గిన్నెలు తోమే చోటు ప్లానులో మూడడుగులే ఉంది. ఐదు చేయించు. రుబ్బురోలు, వాషింగ్ మెషిన్, చీపుర్లు, గ్యాసు బండ అన్నీ అక్కడికే చేరతాయి. దానికి కప్పు ఉండాలి, గోడలు నడుము ఎత్తు చాలు.

గదుల లోపలి నేలకు మీరు అనుకున్న టైల్స్ వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. రెడాక్సైడ్ గచ్చు అందమే, అది చేయడం తెలిసిన మేస్త్రీ దొరికితేనే. తెలియనివాడు చేస్తే ఏడాదికే పగుళ్లు. పంచకు మాత్రం పాలిష్ తక్కువ కడప బండ వేయించు.

వచ్చే శుక్రవారం పునాది తవ్వుతారన్నావు. దానికి ముందే ఒక సాయంత్రం నాలుగు గంటలకు స్థలంలోకి వెళ్లి, సున్నంతో గదులన్నీ నేల మీద గీయించండి. పంచ గీసిన చోట రెండు కుర్చీలు వేసుకుని మీ ఇద్దరూ ఒక గంట కూర్చోండి. ఎండ ఎటు పడుతోంది, గాలి ఎటు వస్తోంది, ఎదురింటి కిటికీ మీ మీదికి ఉందా అన్నీ అక్కడే తెలుస్తాయి. ఏదైనా జరపాలనిపిస్తే సున్నం చెరిపి మళ్లీ గీయడమే, రూపాయి ఖర్చు లేదు. గీసిన తర్వాత ఒక ఫోటో పంపు. అవసరమైతే బుధవారం చిత్తూరు నుంచి బస్సెక్కి నేనే వస్తాను, టేపు కూడా తెస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాయన