రాళ్ల బీడు చూడబోతున్న మేనకోడలికి

గుంటూరు

చిరంజీవి తల్లికి,

మామయ్య దీవెనలు. నేల సర్వే ఉద్యోగంలో చేరావనీ, మొదటి పనిగా వినుకొండ అవతల ఉన్న మేత బీడు అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేసిన పని మన ఇంట్లో మళ్లీ ఒకరు చేపట్టారంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకని రాస్తున్నాను. ఈ కాగితాలు బ్యాగులో పెట్టుకో.

నువ్వు పుట్టి పెరిగింది పెదనందిపాడు రేగడిలో. వేసవిలో మీ తాత పొలంలో నెర్రెల్లోకి కర్ర దింపి లోతు చూసేదానివి. వాన పడితే చెప్పుకు అంటుకున్న మట్టి కడిగినా వదిలేది కాదు. అక్కడ గులకరాయి దొరకాలంటే వెతకాలి. ఆ నేల చూసిన కంటికి ఎర్రటి రాళ్ల బీడు ఎదురైతే, ఇక్కడ చూడటానికి ఏముంది, అంతా రాయేగా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఆ తొందరపాటు వల్ల నేనొక పెద్ద తప్పు చేశాను. ముందు అది చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి బీడులోనే మొక్కలు నాటడానికి నేల ఎంత పనికొస్తుందో చూసి రిపోర్ట్ రాయమన్నారు. గుంతలు తీశాం, మట్టి జల్లించాం, జల్లెడ కింద పడింది ల్యాబ్‌కు పంపాం, పైన మిగిలిన రాళ్లు అక్కడే కుప్ప పోశాం. ల్యాబ్ లెక్కలు బాగానే వచ్చాయి. వాటిని చూసి, నేలకు తేమ పట్టి ఉంచే శక్తి పర్వాలేదని రాశాను. వానాకాలంలో మొక్కలు నాటారు. వేసవి దాటేసరికి ఎక్కడో నాలుగు తప్ప అన్నీ ఎండిపోయాయి. నీళ్లు మోసిన ఆడవాళ్లు ఆ పుల్లలు పీకి నా ముందు పెట్టారు. ల్యాబ్ తప్పు చెప్పలేదు. నేను పంపిన మట్టి గురించే చెప్పింది. పంపకుండా పారేసిన రాళ్ల సంగతి చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు.

నేల శాస్త్రంలో 2 మిల్లీమీటర్ల గీత ఒకటి ఉంది. అంతకంటే సన్నగా ఉన్నదే మట్టి: ఇసుక, ఒండ్రు, బంకమన్ను. 2 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా గులకరాయి, 250 దాకా గుండ్రాయి, ఆపైన 600 దాకా పెద్దరాయి, ఇంకా పైది బండ. ల్యాబ్ ఇచ్చే ప్రతి అంకె ఆ గీత కింద ఉన్న సన్నమట్టిదే. రాళ్ల లెక్క నీ చేతిలోనే, గుంత దగ్గరే తేలాలి.

ఈ కొలత జాగ్రత్తగా నేర్చుకో, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రాళ్లను తూకం వేసి శాతం రాస్తే సరిపోదు, మనకు కావలసింది ఘనపరిమాణం. గులకరాయి లీటరుకు రెండు కిలోల ఆరువందల గ్రాముల పైనే తూగుతుంది. సన్నమట్టి లీటరుకు కిలోన్నర లోపే. అందుకని తూకంలో సగానికి సగం రాయి ఉన్నా, చోటు లెక్కలో దాదాపు 35 శాతమే అవుతుంది. ఆ 35 మామూలు అంకె కాదు, ఎందుకో కింద చెబుతాను.

రేగడిలో దించినట్టు ఇనుప గొట్టం దించి నమూనా తీద్దామంటే ఇక్కడ కుదరదు, రాయి తగిలి గొట్టం వంగిపోతుంది. ఇలా చెయ్యి. ఒక్కో పొరలో చదునుగా చేసిన చోట చిన్న గొయ్యి తీసి, తీసినదంతా ఒక్క గింజ కూడా పోకుండా సంచిలోకి ఎత్తు. గోతిలో పలుచటి పాలిథిన్ షీట్ పరిచి, కొలిచిన నీళ్లు అంచుదాకా పొయ్యి. అది గొయ్యి పరిమాణం. సంచిలోది జల్లించి, పైన మిగిలిన రాళ్లు కడిగి, కాసేపు నానబెట్టి, తడి తుడిచి, కొలత గీతలున్న బకెట్ నీళ్లలో వెయ్యి. నీళ్లు ఎంత పైకి లేస్తే అది రాళ్ల పరిమాణం. గొయ్యి 4 లీటర్లు పట్టి, రాళ్లు 1.8 లీటర్ల నీళ్లు లేపితే 45 శాతం రాయి. నానబెట్టమన్నది ఎందుకంటే, పుచ్చిన రాయి నీళ్లు తాగి లెక్క చెడగొడుతుంది.

ఇంకో మాట. కొన్ని రాళ్లు చూపుకు రాళ్లే, చేత్తో నలిపితే పొడైపోతాయి. వినుకొండ చుట్టూ రాయి గ్రానైటు జాతిది. అది కుళ్లి మొరంగా మారే దశలో ఇలాంటివి చాలా ఉంటాయి. వాటిని రాళ్లలో కలపకు, వేరే కుప్ప వేసి వేరే రాసుకో. పలుగురాయి మాత్రం ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు.

ఇప్పుడు నా పాత తప్పు అంకెల్లో చూడు. నేల లోతు 50 సెంటీమీటర్లు. సన్నమట్టి మాత్రమే ఉంటే, వేరుకు అందే నీరు నూటికి 12 వంతుల చొప్పున 60 మిల్లీమీటర్లు. అందులో 45 శాతం రాయి అయితే మిగిలేది 33. ఎండల్లో రోజుకు 5 మిల్లీమీటర్లు పోతాయనుకో. పన్నెండు రోజులు నిలవాల్సిన తేమ ఏడు రోజులు కూడా నిలవదు. మొక్క చావుబతుకులు ఆ ఐదు రోజుల్లోనే ఉన్నాయి. ఎరువుల సంగతీ ఇంతే. హెక్టారు పైమట్టి 22.4 లక్షల కిలోలనే వాడుక లెక్కతో పోషకాలను కిలోల్లోకి మారుస్తారు. రాళ్ల నేలలో అంత మట్టి ఎక్కడిది? రాళ్ల వంతు తీసేసి మళ్లీ లెక్కగట్టు.

గుంత తీయించేటప్పుడు ఎండ పడే ముఖం పరిశీలనకు ఉంచుకో. ఆ వైపు గట్టు మీద ఎవరినీ నడవనివ్వకు, మట్టి పోయనివ్వకు. ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల గునపానికి లొంగదు. తొలకరి తర్వాత వెళ్తే కూలీలకూ తేలిక, రంగులూ బాగా తెలుస్తాయి. రంగు తడి మట్టి మీద ఒకసారి, పొడి మట్టి మీద ఒకసారి మన్సెల్ చార్ట్‌తో, అంటే మట్టి రంగులకు గుర్తులిచ్చిన పట్టికతో, పోల్చి రెండూ రాయి.

గుంతలో దిగాక పైనుంచి కిందికి ఒకటే ప్రశ్న వేసుకో: బంకమన్ను కిందికి దిగిందా, లేదా? వేళ్ల మధ్య తడి మట్టి రాస్తే పై పొర గరగరలాడి, కింది పొర జిగురుగా అనిపిస్తే దిగినట్టే అనుకోవచ్చు. నమ్మకం కుదరాలంటే కింది పొరలో గులకరాయి ఒకటి పెకలించి, అది కూర్చున్న గూడు చూడు. రాయి పక్కలా గూడు గోడా నున్నగా, మైనం పూసినట్టు ఎర్రగా మెరిస్తే అది నీటితో దిగివచ్చి అంటుకున్న బంకమన్ను పూత. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. ఎన్ని వందల ఏళ్ల వానలు అక్కడ ఆగి ఉన్నాయో అనిపిస్తుంది. కింది పొరను బంకమన్ను దిగిన పొర అనాలంటే, పై పొరలో బంకమన్ను 15 నుంచి 40 శాతం మధ్య ఉన్నప్పుడు కింది పొరలో కనీసం దానికి 1.2 రెట్లు ఉండాలి. 15 కంటే తక్కువైతే కనీసం 3 శాతం అదనంగా ఉండాలి. ఈ శాతాలు కూడా సన్నమట్టివే.

మనం వాడే వర్గీకరణ అమెరికా వ్యవసాయ శాఖ 1975లో తెచ్చి, 1999లో సవరించినది. అందులో నేలలకు పన్నెండు ఆర్డర్లు, అంటే పెద్ద జాతులు. మీ తాత రేగడి వర్టిసాల్. నీ బీడులో బంకమన్ను దిగిన పొర ఉండి, కాల్షియం, మెగ్నీషియం లాంటి క్షారాలు సరిపడా ఉంటే ఆల్ఫిసాల్. మన వాన తీరుకు అందులో ఉస్టాల్ఫ్. కింది పొర రంగు మన్సెల్ చార్ట్‌లో 2.5 వైఆర్ (పసుపు కలిసిన ఎరుపు) లేదా అంతకన్నా ఎరుపై, తడిలో బాగా ముదురుగా ఉంటే రోడుస్టాల్ఫ్, కాకపోతే ఎక్కువగా హాప్లుస్టాల్ఫ్. బంకమన్ను దిగకుండా మట్టి రంగూ కట్టూ మాత్రమే మారి ఉంటే హాప్లుస్టెప్ట్, అదీ లేకపోతే ఉస్టార్థెంట్. ఒకే వాలు మీద ఈ మూడూ కనపడటం మామూలే. నెత్తిన ఉస్టార్థెంట్, నడుమ హాప్లుస్టెప్ట్, అడుగున హాప్లుస్టాల్ఫ్. ఒక్క గుంత చూసి బీడంతటికీ ఒకే పేరు పెట్టకు.

ఆ 35 సంగతికి వస్తున్నాను. పేరుకు ముందు చేరే ఫ్యామిలీ మాటలో, ఘనపరిమాణంలో 35 శాతం లేదా అంతకు మించి రాయి ఉంటే స్కెలిటల్ అంటారు. బంకమన్ను 35 శాతం లోపు ఉన్న మామూలు మట్టితో కలిస్తే లోమీ-స్కెలిటల్. కానీ పైన పరుచుకున్న రాళ్లు చూసి ఆ మాట రాయకూడదు. బంకమన్ను పొర ఉంటే దాని పైభాగం 50 సెంటీమీటర్లలో, పొర అంత లేకపోతే ఉన్నంతలో, సగటు కట్టాలి. ఆ పొర లేని లోతు నేలలో 25 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య చూడాలి. గుంతలో 50 సెంటీమీటర్ల లోపే గట్టి బండ తగిలితే లిథిక్ అని చేరుస్తారు. గునపంతో తవ్వగలిగే మొరం తగిలితే అది లిథిక్ కాదు. ఈ ఒక్క మాట తప్పు రాసినవాళ్లను చాలామందిని చూశాను.

అమెరికా పడమటి గడ్డి మైదానాల నేలల వివరాలు నీ చదువులో వచ్చే ఉంటాయి. అక్కడా లోమీ-స్కెలిటల్ నేలలు చాలా ఉన్నాయి. కానీ చలికి గడ్డివేళ్లు నెమ్మదిగా కుళ్లుతాయి కాబట్టి వాటిలో చాలావాటి పైపొర నల్లగా, లోతుగా ఉంటుంది. ఆ జాతి మోలిసాల్. మన ఎండకు ఆ నలుపు నిలవదు. రాళ్ల కిందివైపు తెల్లగా సున్నం పేరుకోవడం మాత్రం అక్కడి పొడి నేలల్లో ఉన్నట్టే మన మాచర్ల, పిడుగురాళ్ల సున్నపురాతి ప్రాంతంలోనూ కనిపిస్తుంది. పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ బాటిల్ వెంట ఉంచుకుని ప్రతి పొర మీదా చుక్క వెయ్యి. నురగ వచ్చిందో లేదో రాసుకో.

నీరు బాగా ఇంకిపోయే నేల అని రాసే ముందు ఒక్క క్షణం ఆగు. లోపల నీరు నిలవకపోవడం వేరు, పైనుంచి లోపలికి దిగడం వేరు, వేరుకు అందేలా ఆగడం వేరు. మీటరు లోతులో ఎక్కడా బూడిదరంగు, తుప్పురంగు మచ్చలు లేకపోతే లోపల నీరు నిలవడం లేదన్నట్టే. కానీ ఎర్రనేల పైన వాన దెబ్బకు బిళ్ల కడుతుంది, అప్పుడు నీరు దిగకుండా జారిపోతుంది. ఆ దెబ్బ నేలకు తగలకుండా కాసేది పైన పరుచుకున్న గులకరాళ్లే. అవి ఏరించమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఒకటి మాత్రం గమనించు. కిందకన్నా పైన రాళ్లు మరీ ఎక్కువైతే, సన్నమట్టి అప్పటికే కొట్టుకుపోయిందని అర్థం. అలాంటి చోట మంద తొక్కిడి కొన్నాళ్లు ఆపాలి.

భూమి దేనికి పనికొస్తుందో చెప్పే ఎనిమిది తరగతుల్లో ఇలాంటి నేలలు చాలావరకు ఆరో తరగతికో, ఏడో తరగతికో వస్తాయి. అంటే దుక్కికి కాదు, మేతకూ చెట్లకూ. దాన్ని పనికిరాని భూమి అని ఎక్కడా రాయకు. గడ్డి, తంగేడు, వెంపలి, రేగు ఉన్నచోట జీవాలు బతుకుతాయి, వాటి మీద మనుషులు బతుకుతారు. స్టైలో లాంటి పప్పుజాతి మేత ఈ నేలలో బాగానే నిలదొక్కుకుంటుంది. వాలుకు అడ్డంగా కందకాలు సూచించే ముందు మొరం ఎంత లోతులో ఉందో నీ గుంతల్లో చూసుకో.

గొర్రెల కాపరులతో కూర్చో. వానలు ఆగాక గడ్డి ముందు ఎక్కడ ఎండుతుంది, చివరిదాకా పచ్చగా ఎక్కడ ఉంటుంది అని అడుగు. వాళ్లు చేయి చాచి చూపించిన చోట్ల గుంతలు తీయించు. నేల లోతు వాళ్లకు మనకన్నా ముందే తెలుసు. పెద్దవాళ్లను తాతా, బాబాయ్ అని పిలువు. వాళ్లు పెట్టిన మజ్జిగ వద్దనకు.

నీళ్లు రెండు బాటిళ్లు, టోపీ, బూట్లు మర్చిపోకు. రాళ్ల సందుల్లో తేళ్లు ఉంటాయి, గుంతలోకి దిగేముందు కర్రతో తట్టు. మొదటి గుంతలో మిగిలిన రాళ్లు కుప్ప పోయకుండా పొరవారీగా సంచుల్లో కట్టి, చీటీలు పెట్టి గుంటూరు పట్టుకురా. నా పాత జల్లెడ, స్ప్రింగ్ తక్కెడ అటక మీద నుంచి దింపించాను. వాకిట్లో బకెట్ పెట్టుకుని ఇద్దరం కొలుద్దాం. మీ అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి చేసి ఉంచుతానంటోంది.

మీ మామయ్య