ఒక్క చేపలో ఎన్ని రకాల పరాన్నజీవులు ఉంటాయి?

ఉత్తర అట్లాంటిక్‌లో దొరికే కాడ్ చేపనే తీసుకోండి. ఇప్పటిదాకా ఆ జాతిలో వందకు పైగా రకాల పరాన్నజీవులు కనిపించాయి. అన్నీ ఒకే చేపలో ఉండవనుకోండి, కానీ ఒక్కటీ లేని పెద్ద కాడ్ దొరకడం కష్టమే.

పొట్ట కోస్తే కార్జం మీద వాచీ స్ప్రింగులా చుట్టుకున్న తెల్లటి సన్నని పురుగులు కనిపిస్తాయి. అవి అనిసాకిస్ పిల్లలు. తిమింగలాల పొట్టలో పెద్దవై అక్కడే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు నీళ్లలోకి, పొదిగాక పిల్లలు చిన్న రొయ్యల్లాంటి జీవుల్లోకి, వాటిని తిన్న చేపల్లోకి చేరతాయి. అంటే కాడ్ వాటికి మజిలీ మాత్రమే. సీల్ జంతువుల్లో పెరిగే ఇంకో రకం కాస్త గోధుమ రంగులో, కండలోనే దాక్కుంటుంది.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది మొప్పల్లో ఉండే లెర్నియోసెరా. చూస్తే మెలితిరిగిన రక్తపు ముద్ద! నిజానికిది రొయ్యలకు దూరపు చుట్టం. ముందు వేరే చేప మొప్పల మీద జతకడుతుంది. తర్వాత ఆడది ఒక్కటే కాడ్‌ను వెతుక్కుని, తలను గుండె దగ్గరి రక్తనాళం దాకా దూర్చి రక్తం తాగుతుంది.

చేప తిండి మారితే లోపలి పురుగులూ మారతాయి. అందుకే ఏ గుంపు చేప ఎక్కడిదో తేల్చడానికి శాస్త్రవేత్తలు వీటినే గుర్తులుగా వాడుకుంటారు.

తినడం సంగతా? బాగా ఉడికిస్తే ఈ పురుగులు చస్తాయి. పచ్చిగా తినాలంటే మాత్రం యూరప్ నిబంధన ప్రకారం ముందు మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టించాలి.