ప్రసూతి సెలవు తర్వాత రాజీనామా: మెయిల్ ఏ తేదీన పెడుతున్నారన్నదే ముఖ్యం

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో 2021 ఆగస్టు 16న చేరాను. నెల జీతం రూ.65,000, అందులో బేసిక్ రూ.30,000. 2025 డిసెంబర్ 1 నుంచి ప్రసూతి సెలవులో ఉన్నాను. మే 31తో సెలవు అయిపోతుంది. ఇప్పుడు తెనాలిలో అమ్మ దగ్గర ఉన్నాను. హైదరాబాద్‌లో బాబును చూసుకునేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి జూన్ 1న రాజీనామా మెయిల్ పెడదామనుకుంటున్నాను. నోటీసు పీరియడ్ 60 రోజులు. ఆరు నెలలు పనిచేయకుండా మానేస్తే సెలవులో ఇచ్చిన జీతం తిరిగి కట్టాలని హెచ్‌ఆర్ వాళ్లు అంటున్నారు. నిజమేనా? పీఎఫ్‌లో రూ.3.5 లక్షల దాకా ఉంది. అది తీసి బంగారం కొందామని ఇంట్లో అంటున్నారు. మా వారికి మెడికల్ షాపు ఉంది. పన్ను ఏమైనా పడుతుందా? ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా?

జవాబు: ముందుగా మీ టెన్షన్ సంగతి చూద్దాం. సెలవులో తీసుకున్న జీతం మీరు తిరిగి కట్టనక్కర్లేదు. అది కంపెనీ మీకిచ్చిన అప్పు కాదు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన ఉద్యోగినికి 26 వారాల వేతనం చట్టం ఇచ్చిన హక్కు. తిరిగొచ్చి ఇన్ని నెలలు పనిచేయాలన్న షరతు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో లేదు. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ లేదు. మీ ఆఫర్ లెటర్‌లో అలాంటి క్లాజు ఉన్నా సరే, చట్టం ఇచ్చినదాన్ని ఒప్పందం పేరుతో లాక్కోవడం కుదరదు. ఫోన్‌లో చెప్పినదాన్ని మెయిల్‌లో రాసి పంపమని హెచ్‌ఆర్ వాళ్లను అడగండి. ఏ నిబంధన కింద అడుగుతున్నారో కూడా రాయమనండి. అయినా చివరి సెటిల్‌మెంట్‌లో ఆ సొమ్ము కోసేస్తే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి. నోటీసు పీరియడ్ మాత్రం వేరే విషయం. అది పూర్తిచేయకుండా వెళ్లిపోతే మిగిలిన రోజుల జీతం పట్టుకుంటారు.

ఇక మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. అసలు డబ్బు అక్కడే ఉంది. దయచేసి జూన్ 1న మెయిల్ పెట్టకండి. ఆ రోజు పెడితే 60 రోజుల నోటీసు జూలై 31తో ముగుస్తుంది. మీకు అయిదేళ్ల సర్వీసు నిండేది ఆగస్టు 15న. అయిదేళ్లు నిండినవారికి మానేసేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తమే గ్రాట్యుటీ. అంటే 15 రోజుల తేడాతో దాని దగ్గర చిక్కు వస్తుంది. చివరి నెల వేతనాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్ రూ.30,000 మీద అయిదేళ్లకు లెక్క కడితే రూ.86,538. కొత్త కోడ్ ప్రకారం భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. మీ బేసిక్ సగానికి తక్కువే కాబట్టి ఈ లెక్కన మీకు ఇంకొంచెం ఎక్కువే రావాలి. హెచ్‌ఆర్‌ను అడగండి.

నాలుగేళ్ల 240 రోజులు నిండితే అయిదేళ్లు పూర్తయినట్టేనని మద్రాసు హైకోర్టు గతంలో తీర్పు ఇచ్చింది. ఆ లెక్కన మీరు ఇప్పటికే అర్హులు, ఎందుకంటే ప్రసూతి సెలవు కూడా సర్వీసులోకే వస్తుంది. కానీ దీన్ని ఒప్పుకోని కంపెనీలు చాలా ఉన్నాయి. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే, రెండు వారాలు ఓపిక పట్టడం మేలు. జూన్ 18న రాజీనామా ఇస్తే నోటీసు ఆగస్టు 17తో ముగుస్తుంది, అప్పటికి అయిదేళ్లూ నిండిపోతాయి. అయితే నోటీసు డబ్బు చేతిలో పెట్టి ముందే రిలీవ్ చేసే వెసులుబాటు కొన్ని కంపెనీలు రాసుకుంటాయి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ఆగస్టు 16 దాటాకే మెయిల్ పెట్టండి.

అప్పటిదాకా బాబు సంగతేమిటని మీరు అడుగుతారు. మీ పని ఇంటి నుంచి చేయగలిగినదైతే, సెలవు తర్వాత కొంతకాలం వర్క్ ఫ్రమ్ హోమ్‌కు కంపెనీతో ఒప్పందం చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. అది మీ హక్కు కాదు, కానీ అడగడానికి చట్టం ఆధారం ఉంది. తెనాలి నుంచే పనిచేస్తానని రాసి చూడండి. కంపెనీలో 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే శిశు సంరక్షణ కేంద్రం సౌకర్యం ఉండాలి. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. మిగిలిన ఎర్న్‌డ్ లీవ్ ఉంటే నోటీసుకు ముందే వాడుకోండి, నోటీసు కాలంలో చాలాచోట్ల సెలవు ఇవ్వరు. కంపెనీ ఒప్పుకుంటే జీతం లేని సెలవైనా పరవాలేదు. మంజూరైన సెలవు వల్ల గ్రాట్యుటీ సర్వీసు తెగిపోదు. ఇవన్నీ అడిగాక, ఉద్యోగం మానాల్సిన అవసరమే లేదని మీకు అనిపిస్తే నాకు ఇంకా సంతోషం.

పీఎఫ్ ముట్టుకోవద్దనే నా సలహా. అయిదేళ్ల సర్వీసు నిండక ముందు తీస్తే ఆ సొమ్ము పన్ను లెక్కలోకి వస్తుంది. రూ.50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు. మీ ఆదాయం తక్కువ కాబట్టి రిటర్న్ వేస్తే ఆ టీడీఎస్ వెనక్కి వస్తుంది. అందుకే మీ విషయంలో అసలు నష్టం పన్ను కాదు, పెన్షన్ సర్వీసు. నెలనెలా పెన్షన్ రావాలంటే పీఎఫ్‌తో పాటే నడిచే పెన్షన్ పథకం ఈపీఎస్‌లో పదేళ్లు ఉండాలి. మీరు అందులో సభ్యులై ఉండి, పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే ఈ అయిదేళ్లూ చెరిగిపోతాయి. బాబు బడికి వెళ్లే వయసు వచ్చాక మీరు మళ్లీ ఉద్యోగంలో చేరితే, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) కింద సర్వీసు కొనసాగుతుంది. ఖాతాలో ఉన్న సొమ్ముకు వడ్డీ పడుతూనే ఉంటుంది, 2024-25కి అది 8.25 శాతం. మానేశాక వచ్చే వడ్డీకి మాత్రం పన్ను వర్తిస్తుంది. బంగారం మీద నాకేమీ కోపం లేదు, కానీ దానికి వేరే డబ్బు చూసుకోండి.

పన్ను గురించి దిగులు పడకండి. ప్రసూతి సెలవు జీతం కూడా మామూలు జీతంలాగే పన్ను పరిధిలోకి వస్తుంది. కానీ కొత్త పన్ను విధానంలో జీతం రూ.12.75 లక్షల వరకు పన్ను లేదు, మీరు అందులో చాలా కింద ఉన్నారు. గ్రాట్యుటీకి రూ.20 లక్షల వరకు, మానేసేటప్పుడు వాడని సెలవులకు వచ్చే డబ్బుకు (లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్) నిర్ణీత లెక్క ప్రకారం రూ.25 లక్షల వరకు మినహాయింపు ఉంది. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. మీవారు తన డబ్బును మీ పేరున ఎఫ్‌డీ వేస్తే, ఆ వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. మీ గ్రాట్యుటీతో వేసుకున్నది మాత్రం మీదే. అందుకని ఆ సొమ్మును షాపు ఖాతాలో కలపకుండా మీ పేరునే విడిగా ఉంచుకోండి.

ఆరోగ్య బీమా విషయంలో ఆలస్యం చేయకండి. మీవారిది సొంత షాపు కాబట్టి కంపెనీ బీమా పోతే ఇంటిల్లిపాదికీ రక్షణ పోయినట్టే. చాలా కంపెనీల్లో గ్రూపు పాలసీ రిలీవ్ అయిన రోజుతోనే ఆగిపోతుంది. అంతకుముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత ఫ్యామిలీ ఫ్లోటర్‌కు (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) మారతామని అడగండి. కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే వెయిటింగ్ పీరియడ్‌లో అప్పటిదాకా గడిచిన కాలం కూడా లెక్కలోకి వస్తుంది. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. మీ పేరున టర్మ్ పాలసీ కావాలంటే, చేతిలో పే స్లిప్పులు ఉన్న ఇప్పుడే తీసుకోండి. గృహిణికి అంత కవర్ ఇవ్వడానికి బీమా సంస్థలు వెనకాడతాయి.

ప్రభుత్వ సాయం విషయానికొస్తే, మొదటి కాన్పుకు రూ.5,000 ఇచ్చే మాతృ వందన పథకం మీకు రాదు. చట్టం కింద ఇలాంటి ప్రయోజనం పొందినవారికి అది వర్తించదు. కాన్పుకు ముందూ తర్వాతా ఉచిత వైద్యం కంపెనీ ఇవ్వకపోతే రూ.3,500 మెడికల్ బోనస్ మాత్రం మీకు రావాలి. అది వచ్చిందో లేదో పే స్లిప్‌లో చూడండి.

రిలీవ్ అయ్యే రోజున రిలీవింగ్ లెటర్ తీసుకుని, గ్రాట్యుటీ దరఖాస్తు ఇచ్చి, దానిపై అందినట్టు సంతకం చేయించుకోండి. ఆ రోజు నుంచి 30 రోజుల్లో వాళ్లు సొమ్ము ఇవ్వాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగండి. పీఎఫ్ పోర్టల్‌లో ఉద్యోగం వదిలిన తేదీని కంపెనీ నమోదు చేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలకు మీరే ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు.