జనవరి నీళ్లలో కార్ప్‌కి ఏ ఎర? నా ఓటు మాగట్లకే (ఈగల పిల్ల పురుగులకే)

వేసవిలో అదరగొట్టిన హాలిబట్ పెల్లెట్లనే (చేపనూనె దండిగా ఉండే మేత గుళికలనే) ఇప్పుడూ వేస్తున్నానని, ఇంగ్లాండ్ చలిలో బెండు అసలు కదలడం లేదని రాశారు. ముందు ఆ పెల్లెట్లు పక్కన పెట్టేయండి.

కార్ప్ అంటే మన బంగారు తీగే. మన ఊళ్లలో చలికాలంలో కూడా చెరువు నీళ్లు మరీ చల్లబడవు కాబట్టి తవుడు, వేరుశనగ చెక్క ముద్దలతో పని జరిగిపోతుంది. ఇక్కడ అలా కుదరదండీ. నీళ్లు ఎంత చల్లగా ఉంటే చేప ఒళ్లూ అంతే చల్లగా ఉంటుంది. 10 డిగ్రీల లోపుకి దిగితే దాని అరుగుదల బాగా మందగిస్తుంది. అప్పుడు నూనె పెల్లెట్లు గుమ్మరించడం జ్వరంలో ఉన్న మనిషి ముందు పులావు పెట్టడమే. పైగా ఆ చేపనూనె చలికి చిక్కబడిపోయి, వాసన నీళ్లలోకి సరిగ్గా పాకదు.

నేను మాత్రం మాగట్లనే నమ్ముతాను. చిన్నవి, తేలిగ్గా అరుగుతాయి, గాలం మీద మెలికలు తిరుగుతూ చేప కళ్లలో పడతాయి. 14 నంబరు సన్నటి గాలానికి రెండో మూడో చాలు. మొద్దుగా ఉండే చివర కళ్లలాంటి రెండు చుక్కలు కనిపిస్తాయి చూడండి, అక్కడి చర్మం అంచుకే మొన తగిలించండి. లోతుగా గుచ్చారంటే రసమంతా కారి తొక్క మిగులుతుంది. విడిగా చల్లే మేతకి మాత్రం ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి చంపినవి మేలు. బతికున్నవి అడుగు బురదలోకి దూరిపోతాయి. పీవీఏ సంచిలో (నీళ్లలో కరిగిపోయే సంచి) పెట్టేటట్టయితే కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి తడి ఆరాకే నింపండి, లేకపోతే విసిరేలోపే సంచి కరగడం మొదలవుతుంది. మేత ఎంత? ఒకటి రెండు చెంచాలు. అంతకు మించి వద్దు.

రోచ్ లాంటి చిన్న చేపలు మాగట్లని పీకి చంపుతుంటే ఒక్క స్వీట్‌కార్న్ గింజ పెట్టండి, లేదా అడుగు నుంచి కాస్త పైకి తేలే 10 మిల్లీమీటర్ల గులాబీ రంగు ఎర ఉండ, పాప్‌అప్. చలికాలంలో నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి ఆ రంగు దూరానికి కూడా కనిపిస్తుంది.

ఎర కన్నా ముందు చోటు చూసుకోవాలి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అందుకే పైన మంచు గడ్డకట్టినా అడుగున కొంచెం వెచ్చగా ఉంటుంది. గడ్డకట్టే చలిలో లోతు చోట్లు వెతకండి. రెండు మూడు రోజులు నైరుతి గాలి వీచి చలి తగ్గితే మాత్రం ఎండ పడే ఉత్తరపు గట్టు వైపు, తక్కువ లోతులో చూడండి. పొద్దున్నే వెళ్లి వణకాల్సిన పని లేదు, 11 నుంచి 3 లోపే ఎక్కువగా తింటాయి.

ఈ కాలంలో చేప ఎర లాక్కుని పరిగెత్తదు. బెండు చిన్నగా వణికినా, ఒక్క పిసరు మునిగినా లాగేయండి. గంటసేపు ఏమీ తగలకపోతే మేత పెంచకుండా చోటు మార్చండి. ఒకటి పడిందా, అక్కడే వేయండి. చలికి గుంపుగా చేరతాయి కాబట్టి పక్కనే ఇంకోటి ఉండే అవకాశం ఎక్కువ.