ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే, లేఆఫ్ భయం ఉంది. ఇప్పుడు ఫ్లాట్ కొనొచ్చా?

మీరు చెప్పిన వివరాలివి: హైదరాబాద్ బాచుపల్లిలో ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 80 లక్షల ఫ్లాట్, చేతిలో 20 లక్షలు, ఒకరి కంపెనీలో ఇప్పటికే మనుషుల్ని తీసేస్తున్నారు. ఇల్లే వద్దనను గానీ ఈ డబ్బుతో ఈ ఫ్లాటు మాత్రం వద్దంటాను. ఎందుకో మా కథతో కలిపి చెప్తాను.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని, మా ఆయనది ఐటీ. నిజాంపేటలో మేం రీసేల్ ఫ్లాట్ కొన్నది 2021 మార్చిలో. కరోనాతో స్కూళ్లు మూతపడి నా జీతం ముందు సగమైంది, తర్వాత అదీ ఆగిపోయింది. ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇలాంటి ఏడాదిలో ఇల్లు కొనడమేంటని మా అమ్మ దగ్గర్నుంచి అద్దింటి ఓనరు ఆంటీ దాకా అందరూ అడిగారు.

నా జీతాన్ని లెక్కలోంచి పూర్తిగా తీసేశాం కాబట్టే కొనగలిగాం. మా ఆయన ఒక్కడి జీతంలో మూడో వంతు దాటకుండా ఎంత ఈఎంఐ కట్టగలమో ముందు తేల్చుకుని, ఆ ఈఎంఐకి ఎంత లోను వస్తుందో చూసి, అప్పుడు ఫ్లాటు వెతికాం. 40 లక్షల లోను, 52 లక్షల ఫ్లాటు. పాత బిల్డింగు, లిఫ్టు ఒకటే, వాకింగ్ ట్రాకూ క్లబ్ హౌసూ లేవు. మామగారు ఊళ్లో ఉన్న అరెకరం అమ్మి ఇస్తానన్నారు, దాంతో ఇంకో పది లక్షలు ఎక్కువ ఖరీదున్న ఫ్లాటు వచ్చేది. వద్దన్నాం. మా ఇద్దరి ఉద్యోగాలూ పోతే ఆయనకొచ్చే కౌలు డబ్బులన్నా మిగలాలి కదా.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు మోడల్ ఫ్లాటు చూసి మనసు పారేసుకుంటారు. తర్వాత బ్యాంకువాళ్లు ఇద్దరి జీతాలూ కలిపి మీకింత ఎలిజిబిలిటీ ఉందంటే ధైర్యం వచ్చేస్తుంది. అందులో ఒక జీతం ఆగిపోతే ఏమవుతుందని బ్యాంకు మీకు చెప్పదు, మీరే వేసుకోవాలి.

వడ్డీ సంగతి కూడా చూడండి. మేం తీసుకున్నప్పుడు 6.7 శాతం, 20 ఏళ్లకు ఈఎంఐ 30,300. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆర్‌బీఐ రెపో రేటును (అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. మన ఫ్లోటింగ్ లోన్లు రెపోకి కట్టేసి ఉంటాయి కాబట్టి మాదీ 9.2కి చేరింది. అప్పటికి తీర్చాల్సిన అసలు 38 లక్షల దాకా ఉంది. పాత ఈఎంఐలోనే ఉంటామంటే ఇంకో 35 ఏళ్లు కట్టాలి, ఎందుకంటే నెల వడ్డీయే 29,000 దాటింది. గడువు పెరగకూడదంటే ఈఎంఐ 36,000. మేం ఈఎంఐ పెంచుకున్నాం. గడువు పెంచాలా, ఈఎంఐ పెంచాలా అన్నది కస్టమర్నే అడగాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులో చెప్పింది. అంతకు ముందు చాలామందికి గడువు పెరిగిన సంగతి స్టేట్‌మెంట్ తెరిస్తే గానీ తెలియలేదు. 2025లో రెపో మళ్లీ దిగుతూ వచ్చి డిసెంబరుకి 5.25 అయింది. ఇప్పుడు తక్కువగా ఉంది కదా అని తీసుకునేవాళ్లు ఇంకో రెండు శాతం పెరిగితే కట్టగలమా అని కూడా చూసుకోవాలి. (డాలస్‌లో ఉన్న మా బావ 2021లో తీసుకున్న ముప్పై ఏళ్ల లోను మూడు శాతం లోపే, ఇప్పటికీ అదే రేటు. అయితే ఆయనకి ఉద్యోగం పోతే హెచ్‌1బీ వీసా మీద ఇంకోటి చూసుకోవడానికి 60 రోజులే గడువు. ఎవరి భయం వాళ్లది.)

2023లో మా ఆయన ఉద్యోగం పోయింది. మళ్లీ దొరికేసరికి కొన్ని నెలలు పట్టింది, జీతమూ తగ్గింది. అప్పటికి నా స్కూలు నడుస్తోంది గానీ నా జీతం ఈఎంఐకి సరిపోదు. ఆదుకున్నది ఏడాది ఈఎంఐలకు సరిపడా పక్కన పెట్టిన ఎఫ్‌డీ. లోను మీద తొమ్మిది శాతం కడుతూ ఎఫ్‌డీలో ఏడుకి ఎందుకు పెట్టారు, పార్ట్ పేమెంట్ చేసేయండని బంధువులు ఎన్నిసార్లు చెప్పారో! లెక్క ప్రకారం వాళ్లదే రైటు, ఫ్లోటింగ్ లోనుకి ముందే కడితే పెనాల్టీ కూడా లేదు. కానీ లోనులోకి వెళ్లిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. ఉద్యోగం లేనివాడికి ఏ బ్యాంకూ టాపప్ (ఉన్న లోను మీద అదనపు లోను) ఇవ్వదు. మిగులు డబ్బు వేసి, కావాలంటే తీసుకునే ఓవర్‌డ్రాఫ్ట్ రకం హోమ్ లోన్లున్నాయి. వడ్డీ కాస్త ఎక్కువే అయినా మీలాంటి పరిస్థితిలో నేనైతే అదే తీసుకుంటాను. ఈఎంఐ బాకీ 90 రోజులు దాటితే అకౌంటు ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది, ఆపైన తాకట్టున్న ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. ఐటీలో ఉద్యోగం వెతుక్కోవడానికి అంత వ్యవధి సరిపోతుందన్న నమ్మకం నాకు లేదు.

ఇప్పుడు మీ 80 లక్షలు. బ్యాంకు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అంటే 64 లక్షలు. మీరు పెట్టాల్సింది 16. కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్‌టీ 5 శాతం, 4 లక్షలు. రిజిస్ట్రేషన్ మొత్తం 7.5 శాతం, 6 లక్షలు (మేం చేయించుకున్నప్పుడు 6 శాతమే ఉండేది, 2021 జులైలో పెంచారు). బిల్డరు చెప్పిన రేటులో ఈ రెండూ ఉన్నాయేమో అడగండి, మామూలుగా ఉండవు. అప్పటికే 26 లక్షలైంది, మీ దగ్గరున్నవి 20. ఇంకా కప్‌బోర్డులు, కార్పస్ ఫండ్ (బిల్డింగు నిర్వహణకని ముందే తీసుకునే డబ్బు), పాలు పొంగించడానికి వచ్చే చుట్టాలు ఉన్నారు. ఆ లోటు పర్సనల్ లోనుతోనో బంగారం కుదవపెట్టో పూడ్చితే, ఉద్యోగం పోయిన నెలకి మీ దగ్గర మిగిలేది సున్నా. 64 లక్షలకు 8 శాతం చొప్పున 20 ఏళ్ల ఈఎంఐ 53,500. అది మీలో ఉద్యోగం నిలిచే అవకాశం ఎక్కువున్నవాళ్ల ఒక్క జీతం మీద నడుస్తుందా? మీ జీతాలు రాయలేదు కాబట్టి మీరే చూసుకోండి.

అద్దె కట్టడం దండగ అని రాశారు. 64 లక్షల మీద మొదటి నెల వడ్డీయే 42,600 పైచిలుకు, అదీ తిరిగొచ్చేది కాదు. మీరిప్పుడు కట్టే అద్దె దాన్లో సగం కూడా ఉండకపోవచ్చు. టాక్స్ మిగులుతుందనుకుంటే, కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపే లేదు.

ధరలు పడతాయా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. 2021లో పడతాయన్నారు, పెరిగాయి. ఇప్పుడు పెరుగుతాయనేవాళ్లు చెప్పేదీ అలాంటి జోస్యమే.

నాకు అన్నిటికన్నా భయమేసింది అది కడుతున్న ఫ్లాటు కావడం. మీ ఉద్యోగానికే గ్యారంటీ లేనప్పుడు బిల్డరు గ్యారంటీ లేనితనాన్ని కూడా ఎందుకు నెత్తికెత్తుకోవాలి? మార్కెట్ నెమ్మదిస్తే ముందు ఆగేది అమ్ముడుపోని టవర్ల పనే. అది పూర్తయ్యేదాకా ఇటు అద్దె, అటు బ్యాంకు విడుదల చేసిన మొత్తం మీద వడ్డీ, రెండూ మీవే. ప్రీలాంచ్ అంటూ మొత్తం ముందే కడితే తక్కువకిస్తామనే మాట వింటే అక్కణ్నుంచి లేచొచ్చేయండి.

అదే ఏరియాలో 45, 50 లక్షల్లో రీసేల్ చూడండి, లేదా ఇంకో ఏడాది అద్దెకుండి 20ని 30 చేసుకోండి. రీసేల్ అయితే ఓసీ (బిల్డింగులో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) లాయరుకి చూపించండి. నిజాంపేట, బాచుపల్లి వైపు చెరువులున్నాయి కాబట్టి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ వదలాల్సిన జాగా) మ్యాపు కూడా చూడండి, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎవరూ దాన్ని తేలిగ్గా తీసుకోవట్లేదు. ఓనరు కొంత క్యాష్‌గా అడుగుతాడు. మమ్మల్నీ అడిగారు, లోను ఆ భాగానికి రాదని కుదరదన్నాం, బేరం పోలేదు.

లేదు, ఆ కొత్త ఫ్లాటే కావాలంటే రెరా (బిల్డర్లను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) నంబరు తీసుకుని రెరా వెబ్‌సైట్లో పూర్తిచేసే గడువు చూడండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టంలోనే ఉంది. బుకింగ్ అమౌంట్ ఇచ్చే ముందు ఆ మాట గుర్తుచేసి, క్యాన్సిల్ చేసుకుంటే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.