గడ్డం కొంచెం దించండి

(మహబూబ్‌నగర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న అక్కకు పాఠకులు రాసిన ఉత్తరాలు, ఆమె జవాబులు)

ప్రశ్న: అక్కా, మాది కల్వకుర్తి దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయింది. మూడేళ్లుగా పెళ్లిళ్లకు అసిస్టెంట్‌గా పోతున్నాను. పత్తి డబ్బులు, చిట్టీ డబ్బులు కలిపి నాలుగు లక్షలు ఇస్తానంటున్నాడు నాన్న. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొని స్టూడియో పెడదామని ఉంది. ఏ కెమెరా తీసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం మొత్తం ఇక్కడ వేయలేదు గానీ నేను రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల నిండా కెమెరా ముచ్చటే. మడిగె, అదే షాపు గది, దాని గురించి ఒక్క మాట లేదు. ముందు అది చూద్దాం.

మడిగె చూడటానికి పోయినప్పుడు టేపు పట్టుకుని పో. లోపల పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఖాళీగా దొరకాలి. మామూలు క్రాప్ సెన్సర్ కెమెరాకు (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండేది) 50 ఎంఎం లెన్స్ పెడితే, నిలబడ్డ మనిషి తల నుంచి కాళ్ల దాకా రావాలంటే నువ్వు పద్నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. మనిషికీ వెనక పరదాకీ నాలుగు అడుగులు వదలాలి, లేకపోతే నీడ పోయి పరదా మీద పడి వెనక ఇంకో మనిషి నిలబడ్డట్టు ఉంటుంది. నీ వీపు గోడకు రాసుకోకుండా రెండు అడుగులు. అన్నీ కలిపితే ఇరవై. పన్నెండు అడుగుల గదిలో స్టూడియో పెట్టినవాళ్లు వైడ్ లెన్స్ పెట్టి మనిషి మీది మీదికి పోతారు. దగ్గరికి పోయి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పోతాయి. సెల్ఫీలో అందరి ముక్కూ లావుగా కనపడేది అందుకే. వచ్చిన గిరాకీకి ఈ లెక్కలేం తెలియవు. "అక్కడ ఫొటో మంచిగ రాదు" అని మాత్రం ఊరంతా చెప్తారు.

ఇక కెమెరా. నువ్వు వేసే పెద్ద ప్రింట్ ఏది? ఆల్బమ్ షీట్, 12 ఇంటు 18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కేస్తే 3600 ఇంటు 5400, అంటే రెండు కోట్ల పిక్సెల్స్ కూడా కాదు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో రెండు కోట్ల నలభై లక్షలు ఉంటాయి. చాలదూ? సెకండ్‌హ్యాండ్ కెమెరా బాడీ, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కలిపి అరవై డెబ్బై వేల లోపల చూసుకో. రెండు ఫ్లాష్ లైట్లు, ఒక పెద్ద సాఫ్ట్‌బాక్స్ (లైటు వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె), స్టాండ్లకు ముప్ఫై వేలు. వెలుగును ముఖం మీదికి తిప్పే రిఫ్లెక్టర్ కొనకు, స్టేషనరీ షాపులో థర్మాకోల్ షీట్ తెచ్చుకో, నేను ఇప్పటికీ అదే వాడుతున్నా. కంప్యూటర్, ప్రింటర్, ఇన్వర్టర్, మడిగె అడ్వాన్స్, రంగులు, అద్దం, కుర్చీ, కెమెరా, లైట్లతో సహా అన్నీ కలిపి రెండు లక్షల డెబ్బై వేలు దాటనివ్వకు. మిగిలింది బ్యాంకులో ఉండనీ. అది ఆరు నెలల కిరాయి, కరెంటు బిల్లు. కొత్త స్టూడియోలు చాలా వరకు మూతపడేది ఆ ఆరు నెలల్లోనే. ఫొటోలు బాగా రాక కాదు, కిరాయి కట్టలేక.

అన్నట్టు కుర్చీ. చేతులున్న కుర్చీ వద్దు, భుజాలు పైకి లేస్తాయి. వీపు లేని స్టూల్ తెచ్చుకో.

మొదటి ఏడాది నీకు అన్నం పెట్టేది పాస్‌పోర్ట్ సైజు ఫొటో. పెళ్లిళ్లకు పోయొచ్చిన పిల్లలకు అది చిన్నతనంగా ఉంటుంది, నాకు తెలుసు. 35 ఇంటు 45 మిల్లీమీటర్ల ఫొటోలు 4 ఇంటు 6 కాగితం మీద ఎనిమిది పడతాయి. మా దగ్గర ఎనిమిదికి వంద రూపాయలు. మూఢం వచ్చిందంటే పెళ్లి ఫొటోగ్రాఫర్లంతా టీ కొట్టు దగ్గర కూర్చుంటారు. పాస్‌పోర్ట్ ఫొటోకు మూఢం లేదు, ఆషాఢం లేదు. జూన్‌లో కాలేజీ అడ్మిషన్లప్పుడైతే నాకు నీళ్లు తాగడానికి టైం ఉండదు.

కొలతలు మాత్రం నోటికి రావాలి. ఎమ్మెస్‌కు పోయే పిల్లలు అమెరికా వీసా ఫొటో అడుగుతారు. అది రెండు ఇంటు రెండు అంగుళాలు, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, గడ్డం నుంచి నడినెత్తి దాకా 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య రావాలి. 2016 నవంబర్ నుంచి కళ్లద్దాలు ఒప్పుకోవడం లేదు. ఆన్‌లైన్‌లో పెట్టే ఫైలు చదరంగా 600 నుంచి 1200 పిక్సెల్స్, 240 కేబీ దాటొద్దు. మొటిమలు, మచ్చలు తుడిచేయడం కూడా కుదరదు. ఇది తప్పు లేకుండా తీసిచ్చావంటే ఆ పిల్లల హాస్టల్ రూమ్ మొత్తం నీ దగ్గరికే వస్తుంది.

డబ్బు తక్కువ పడితే బ్యాంకులో ముద్రా లోన్ అడుగు, చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం అది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, రెండు వేలు ఇవ్వమనే ఏజెంట్‌కు దండం పెట్టి పంపించు. ఏడాదికి 20 లక్షల లోపు పని అయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ మాత్రం మర్చిపోకు.

ప్రశ్న: నమస్తే అక్కా. మాది వనపర్తి. నాకు పసిపిల్లల ఫొటోలు తీయడం ఇష్టం. స్టూడియో పెట్టే స్తోమత లేదు. ఆడపిల్లవు, ఊళ్లు పట్టుకుని ఇళ్లకు ఎలా పోతావు అంటున్నారు ఇంట్లో.

జవాబు: చెల్లీ, ఈ పనికి ఆడపిల్ల అయితేనే మేలు. బాలింత గదిలోకి మగ ఫొటోగ్రాఫర్‌ను ఎవరు రానిస్తారు? ఈ సంగతి నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గారికి 1892లోనే తెలుసు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లిష్ ఆవిడ చేతికి అప్పగించారు. ఆయనకు ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరే మా జిల్లాకు ఉంది. మీ ఇంట్లోవాళ్లకు ఈ ముచ్చట చెప్పు, కాదనలేరు.

మన దగ్గర ఇరవై ఒకటో రోజు తొట్టెల అయ్యేదాకా బిడ్డను గడప దాటించరు. అందుకని నువ్వే పోవాలి, స్టూడియో లేకపోవడం నీకు లోటు కాదు. కిటికీ ఉన్న గది అడుగు. ఎండ నేరుగా లోపల పడుతుంటే పల్చటి తెల్ల పంచె కిటికీకి కట్టు. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశావా? గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. ఎండ నేరుగా తగలకుండా చెదిరి లోపలికి వచ్చే వెలుగు అది. నీకు కావలసింది అట్లాంటి వెలుగే. బిడ్డ తల కిటికీ వైపు పెట్టు, వెలుగు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దిగాలి. కాళ్ల వైపు నుంచి వెలుగు వచ్చిందో, ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ కనపడవు.

చేతులు కడుక్కో. నీకు జలుబుంటే పోకు, అడ్వాన్స్ వెనక్కిచ్చినా సరే. పాలు తాగిన అరగంటకు మొదలుపెట్టు. ఇంటర్నెట్‌లో చూసి బిడ్డను గడ్డం కింద చేతులు పెట్టి కూర్చోబెట్టే ఫొటోలు ప్రయత్నించొద్దు. అవి రెండు మూడు ఫొటోలు కలిపి చేసినవి, తల పట్టుకున్న మనిషిని తర్వాత చెరిపేస్తారు. వెల్లకిలా పడుకున్న బిడ్డ, నాయనమ్మ వేలు పట్టుకున్న గుప్పిట, అంతే చాలు. తల్లిని కూడా ఒక ఫొటో తియ్యి. ఆమె "నేనొద్దు, జుట్టు చెదిరింది" అంటుంది. అయినా తియ్యి.

లెక్క ఫొటోకు ఇంత అని కాదు, రెండు గంటల రాకకు ఇంత అని చెప్పు. తోడుగా మీ తమ్ముణ్ణో, స్నేహితురాలినో తీసుకుపో, బ్యాగు మోసేవాళ్లు కూడా కావాలి కదా.

ప్రశ్న: మేడమ్, నాగర్‌కర్నూల్‌లో ఏడాది కింద స్టూడియో పెట్టాను. వచ్చినవాళ్లంతా "తెల్లగా చెయ్యి" అంటారు. చేయకపోతే పక్క షాపుకు పోతున్నారు. ఏం చేయాలి?

జవాబు: నేనూ చేశాను, దాచడం ఎందుకు. చాలా ఏళ్ల కిందట ఒక తండ్రి బిడ్డను పెళ్లిచూపుల ఫొటోకు తీసుకొచ్చాడు. చామనఛాయ, మంచి కళ గల ముఖం. ఆయన నా చెవిలో "కొంచెం తెల్లగ చెయ్యమ్మా" అన్నాడు. మౌస్ ఇటు నుంచి అటు జరిపాను, అంతే. పది రోజులకు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఫొటో కౌంటర్ మీద పెట్టి, "అక్కా, ఇది ఎవరి ఫొటో?" అంది. పిల్లవాడి తరఫువాళ్లు వచ్చి చూసి, నలుగురిలో అదే మాట అడిగారట. డబ్బు తిరిగి ఇస్తానన్నాను. తీసుకోలేదు. ఫొటో అక్కడే వదిలేసి పోయింది.

తెల్లగా చేయమని అడిగేవాళ్లలో చాలామందికి నిజానికి కావలసింది తెలుపు కాదు, ముఖం జిడ్డుగా, మసకగా ఉండకపోవడం. చామనఛాయ ముఖాన్ని ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీస్తే చప్పగా, బూడిద రంగులో వస్తుంది. సాఫ్ట్‌బాక్స్‌ను ముఖానికి నాలుగడుగుల దగ్గరికి తెచ్చి, పక్కకు జరిపి, కంటి మట్టం కంటే కాస్త పైన పెట్టు. అప్పుడు చెంప ఎముక మీద మెరుపు వస్తుంది, నలుపు రంగుకు అందం ఆ మెరుపుతోనే. తలకట్టు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోకుండా వెనక నుంచి రెండో లైటు జుట్టు అంచుకు తగలనివ్వు. తీసే ముందు టిష్యూతో నుదురు, ముక్కు అద్దించు. మన ఎండాకాలంలో ఇది చేయకపోతే ఎంత లైటింగ్ పెట్టినా దండగే. కళ్లలో సాఫ్ట్‌బాక్స్ తెల్లటి చుక్కలా కనపడిందా లేదా చూడు. అది లేకపోతే మనిషి నిద్ర లేచినట్టు ఉంటాడు.

ఆ ఫొటో మానిటర్ మీద పెద్దగా పెట్టి ముందు వాళ్లకు చూపించు. ఎడిటింగ్ ఊసెత్తకు. పదిమందిలో ఏడుగురు "ఇదే ఇయ్యి" అంటారు. మిగిలిన ముగ్గురూ పక్క షాపుకు పోతే పోనీ.

ప్రశ్న: ఒక పాప పుట్టినరోజు పోర్ట్రెయిట్లు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. వాళ్ల అమ్మ వచ్చి గొడవ చేసింది. ఫొటో తీసింది నేను, పెట్టుకునే హక్కు నాకు లేదా? – మిర్యాలగూడ

జవాబు: లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకుంటే, తీయించుకున్నవాళ్లే హక్కుదారులు. ఈ రోజే తీసేసి, ఆవిడకు ఫోన్ చేసి చెప్పు. ఇకమీదట బిల్లు వెనక ఒక వాక్యం అచ్చు వేయించుకో: "నా ఫొటో స్టూడియో ప్రచారానికి వాడుకోవచ్చు / వాడకూడదు." టిక్కు, సంతకం. షాపు ముందు అద్దంలో పెట్టే ఫొటోకూ ఇదే పద్ధతి.

ప్రశ్న: అక్కా, చుట్టాలు, దోస్తులు ఉద్దెర పెడుతున్నారు. అడగాలంటే మొహమాటం. – దేవరకొండ

జవాబు: బయానా సగం తీసుకోకుండా కెమెరా ఆన్ చేయకు. చుట్టాలకు ఇష్టమైతే రేటు తగ్గించు, బయానా మాత్రం తగ్గించకు. మా మేనమామ కూడా ఇచ్చాడు. నాలుగు నెలలు మాట్లాడలేదు, తర్వాత మళ్లీ ఫొటోకు వచ్చాడు.

ప్రశ్న: అక్కా, నారాయణపేటలో చిన్న స్టూడియో నాది. మనిషి పోయిన రెండో రోజు ఆధార్ కార్డు తెచ్చి, అందులో ఫొటో పెద్దది చేసి ఫ్రేమ్ కట్టమంటారు. ఎంత చేసినా బొమ్మలాగే వస్తోంది. మంచి సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి.

జవాబు: అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఫొటోలో లేని ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తెస్తుంది తమ్ముడూ? ఇప్పుడొచ్చిన ఏఐ యాప్‌లు తెస్తాయి, కానీ వేరేవాళ్ల ముఖం తెస్తాయి. మొన్న ఒకాయన వాళ్లమ్మ ఫొటోను యాప్‌లో పెట్టి తెచ్చాడు. ఆమెకు పై పన్ను ఒకటి లేదు. యాప్ కొత్త పన్ను కట్టింది. ఆయన చెల్లెలు చూసి "మా అమ్మ కాదు" అని ఏడ్చింది. అట్లాంటి పని వస్తే కార్డు పక్కన పెట్టి, ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌లు వెతకమను. గుంపు ఫొటోలో మూలకు నిలబడ్డ ముఖమైనా ఆధార్ కంటే నయం. ప్రింట్ చిన్నగా, 6 ఇంటు 8 అంగుళాల లోపల వేసి, ఫ్రేమ్ లోపల చుట్టూ వెడల్పాటి మౌంట్ అట్ట పెట్టు.

అసలు పని మాత్రం మనుషులు ఉండగానే జరగాలి. మా నాన్న కాలంలో పాలమూరు కూలీలు బొంబాయి బస్సెక్కే ముందు వచ్చి కుటుంబం ఫొటో దిగేవాళ్లు. రెండు కాపీలు. ఒకటి వాళ్లతో పోయేది, ఒకటి ముసలి తల్లిదండ్రుల దగ్గర ఉండేది. తల్లిదండ్రుల ఫొటో మాత్రం ఎవరూ తీయించేవాళ్లు కాదు. అందుకే నేను నెలకో ఆదివారం ఒక ఊరికి పోతాను. పంచాయతీ ఆఫీసు వరండాలో నీడకు స్టూల్ వేసి, వెనక మట్టిరంగు దుప్పటి కట్టి, అరవై దాటినవాళ్లకు ఫొటో, ఫ్రేమ్ కలిపి మూడు వందలు. ఆ ఊరి సర్పంచ్‌తో ముందు రోజే మైకులో చెప్పిస్తా. లాభం పెద్దగా ఉండదు, కానీ ఆ ఊరి పెళ్లిళ్లు, తొట్టెలలు ఆ తర్వాత నాకే వస్తాయి.

పెద్దవాళ్లు కెమెరా చూస్తే బిగుసుకుపోతారు. "నవ్వండి" అనకు, అసలే నవ్వరు. ఈసారి వానలెట్లా ఉన్నాయని అడుగు, ఎద్దుల పేర్లడుగు. మాట ఆపి ఊపిరి వదిలే ఆ ఒక్క క్షణం కోసం చూస్తూ ఉండు. గడ్డం కొంచెం దించమను.

పోయిన చలికాలంలో కోయిల్‌కొండ దగ్గర ఒక తాత తలపాగా చుట్టుకుని వచ్చాడు. ఫొటో నచ్చింది. ఫ్రేమ్ చేతికిస్తే ముందు వైపు ఒక్కసారి చూసి, తిప్పి వెనక చూశాడు. కొక్కేన్ని బొటనవేలితో గుంజి చూసి, "బిడ్డా, ఇది దండ బరువుకు ఆగుతదా?" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అక్కడే స్క్రూడ్రైవర్ తీసి ఇంకో కొక్కెం బిగించి ఇచ్చాను. అప్పటి నుంచి పెద్దవాళ్ల ఫ్రేములకు రెండేసి కొక్కేలు పెడుతున్నాను.