ఒక పక్క మంచు మిగిలిపోతుంటే

ప్రశ్న: వెనక నడుస్తూ తోసే మా స్నో బ్లోయర్‌లో (దారి మీది మంచు తీసే యంత్రం) ఎడమ పక్క ఆగర్ (తిరుగుతూ మంచును లోపలికి లాగే మర) తిరగడం లేదు, ఆ పక్క మంచు పొర మిగిలిపోతోంది. బెల్టు మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. బెల్టు జారితే ఆగర్ రెండు పక్కలా మందగిస్తుంది. ఒక్క పక్కే ఆగిందంటే ఆ పక్క ఆగర్‌ను ఇరుసుకు పట్టి ఉంచే షియర్ పిన్ తెగిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. రాయో, గడ్డకట్టిన మంచో అడ్డుపడినప్పుడు గేర్‌బాక్సు పగలకుండా తానే తెగిపోవడం దాని పని గనుక, దాని స్థానంలో చేతికందిన గట్టి బోల్టు బిగించడం ఫ్యూజు బదులు లావుపాటి తీగ చుట్టడం లాంటిదే. మీ మోడల్‌కు చెప్పిన పిన్నే వేయండి. ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీశాకే చెయ్యి పెట్టండి. ఆగర్ గొట్టం తుప్పుతో ఇరుసుకు అతుక్కుపోతే కొత్త పిన్ను ఉన్నా రక్షణ ఉండదు, అందుకే పిన్ను మార్చేటప్పుడే గ్రీజు ఎక్కించండి.

పిన్ను మార్చాక కూడా పొర మిగిలితే, ముందు టైర్ల గాలి రెండు పక్కలా సమానంగా ఉందేమో చూడండి. చాలామంది ఇది మరిచిపోయి స్కిడ్ షూలతో (యంత్రం ముందు భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో సర్దే, రెండు పక్కలా ఉండే పాదాలు) కుస్తీ పడతారు. ఆ తరువాత యంత్రాన్ని చదునైన నేలపై నిలిపి, స్క్రేపర్ పట్టీ (అడుగున నేల మీది మంచును గీకే పట్టీ) కింద సుమారు 3 మి.మీ. మందం అట్టముక్కలు పెట్టి, షూల నట్లు వదులు చేసి, అవి నేలను తాకాక బిగించండి. కంకర దారి అయితే పట్టీని ఇంకా బాగా పైకి లేపాలి, లేకుంటే రాళ్లు ఎగిరిపడతాయి.